ఒకే బాండ్, రకరకాల డెంటిన్: ఎక్కడ ఎలా అతికించాలి

బాండ్ (ఫిల్లింగ్‌ని పన్నుకి అతికించే రెజిన్ జిగురు) బాటిల్ అట్టపెట్టె మీద అచ్చేసే మెగాపాస్కల్ అంకె, అంటే పట్టు బలం, సాధారణంగా పిప్పి ముట్టని పన్నును చదునుగా కోసి, అప్పుడే సాన పట్టిన డెంటిన్ (ఎనామిల్ అనే పై పెంకు కింద ఉండే పొర) మీద వచ్చింది. శ్రీకాకుళంలోనో రాజాంలోనో మీ కుర్చీలో కూర్చునే మనిషికి అలాంటి డెంటిన్ ఉంటే అసలు ఫిల్లింగ్ అవసరమే పడదు. మీ ముందుకొచ్చేవి వేరు: పిప్పి తీశాక మిగిలిన గోధుమరంగు డెంటిన్, ఏళ్ల తరబడి బొగ్గుతో తోమి నిగనిగలాడే పన్ను మెడ, పన్ను లోపలి నరం ఉండే పల్ప్‌కి అర మిల్లీమీటరు దూరంలో తడి ఊరే అడుగు, హైపోక్లోరైట్‌లో నానిన ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) గోడ. వీటన్నింటికీ ఒకే బాటిల్ వాడొచ్చు గానీ ఒకే పద్ధతి వాడితే కొన్ని నిలుస్తాయి, కొన్ని నెలల్లోనే "సిమెంటు ఊడిపోనాది బాబూ" అని తిరిగొస్తాయి. ముందు డెంటిన్ ఏ రకమో గుర్తుపట్టాలి. ఆ తర్వాతే ఎచింగ్ (యాసిడ్‌తో గరుకుచేయడం) ఎంతసేపు, తడి ఎంత, రుద్దడం ఎంత, కోట్లు ఎన్ని అన్నది తేలుతుంది. క్లినిక్ నడిపే డెంటిస్టులకూ, చేయి తిరుగుతున్న హౌస్ సర్జన్లకూ ఉద్దేశించిన పద్ధతి ఇది.

పన్ను ముట్టుకోకముందే చూడాల్సినవి

బాండింగ్ చెడడానికి సగం కారణాలు నోటి బయటే ఉంటాయి. మొదటిది గాలి, నీళ్లు చిమ్మే త్రీవే సిరంజి. గాలి మీట మాత్రమే నొక్కి, శుభ్రమైన నోటి అద్దం మీద 5 సెకన్లు ఊదండి. తుంపర గానీ జిడ్డు చార గానీ కనబడితే ఆ గాలితో బాండ్ ఆరబెట్టకూడదు. మన తీరప్రాంతంలో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు త్వరగా చేరతాయి. కళింగపట్నం, బారువ వైపు క్లినిక్‌లయితే రోజూ పని మొదలుపెట్టే ముందు కంప్రెసర్ అడుగు వాల్వ్ తిప్పి నీళ్లు వదలాలి. వానాకాలంలో మధ్యాహ్నం మరోసారి వదిలితే మంచిది. ఆయిల్ కంప్రెసర్ వాడేవాళ్లు ఫిల్టర్ పెట్టించుకోకుండా బాండ్‌ని నిందించడం న్యాయం కాదు.

రెండోది బాండ్‌నీ ఫిల్లింగ్‌నీ గట్టిపరిచే, అంటే క్యూర్ చేసే లైట్. చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్లకు తగ్గని లైటు ఉండాలి. కొనకి కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్ రెజిన్) అంటుకుని మసకబారితే, బ్యాటరీ సగానికి పడిపోతే ఆ అంకె ఎక్కడికో పోతుంది. రేడియోమీటర్ ఉంటే వారానికోసారి చూసి గోడ మీద రాసుకోండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఛార్జ్ అయీ అవ్వని బ్యాటరీతో క్లాస్ 2 (పళ్ల సందు వైపు ఫిల్లింగ్) చేయొద్దు. లోతైన బాక్స్ అడుగుకీ లైటు కొనకీ మధ్య 6 నుంచి 8 మి.మీ. దూరం ఉంటుంది. అక్కడ బాండ్‌కి పెట్టె మీద రాసిన 10 సెకన్లకు బదులు 20 సెకన్లు ఇవ్వండి.

మూడోది బాటిల్. ఫ్రిజ్‌లో పెట్టమని లేబుల్ మీద ఉంటే అలాగే పెట్టండి, కానీ గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లగా ఉండగా తీస్తే లోపల తేమ పడుతుంది. అసిటోన్ ఉన్న బాండ్‌కి మూత వదులుగా ఉంటే రెండు వారాల్లో చిక్కబడుతుంది. ఆ తర్వాత అది డెంటిన్‌లోకి ఇంకదు, పైన పెయింటులా కూర్చుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బస్సు పార్సిల్‌లో వచ్చే బాటిళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వీలైతే వేసవికి సరిపడా సరుకు ఫిబ్రవరిలోనే తెప్పించుకోండి. చుక్క వేసిన వెంటనే మూత బిగించాలి. డాపెన్ డిష్‌లో వేసిన చుక్క కుర్చీ లైటు కింద ఒకటి రెండు నిమిషాలు దాటితే పారేసి కొత్తది వేసుకోండి.

కింద ఉన్నది ఏ డెంటిన్?

డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. ఎనామిల్‌కి దగ్గరగా చదరపు మిల్లీమీటరుకి 20,000 చుట్టుపక్కల ట్యూబ్యూల్స్ (సన్నని గొట్టాలు) ఉంటే, పల్ప్ దగ్గర 45,000 పైబడి ఉంటాయి. రంధ్రం వెడల్పు కూడా ఒక మైక్రాన్ లోపు నుంచి రెండున్నర మైక్రాన్ల దాకా పెరుగుతుంది. అంటే ఒకే పన్నులో, ఒకే క్యావిటీలో, పైగోడకీ అడుగుకీ మధ్య బాండ్‌కి దొరికే గట్టి నేల తగ్గిపోతూ, నీళ్లు పెరిగిపోతూ ఉంటాయి.

గుర్తుపట్టడానికి చూపు, ఎక్స్‌ప్లోరర్, స్పూన్ ఎక్స్‌కవేటర్ చాలు. లేత పసుపు రంగు, గీస్తే గరగరమని చప్పుడు వస్తే మామూలు డెంటిన్. తడిగా, మెత్తగా, స్పూన్‌తో ముద్దలుగా వచ్చేస్తే ఇన్‌ఫెక్టెడ్ డెంటిన్. తోలులా పొరలుగా లేస్తూ, కాస్త పట్టు ఇస్తూ, గోధుమరంగులో ఉంటే ఎఫెక్టెడ్ డెంటిన్. గట్టిగా, ముదురు పసుపు లేదా గోధుమరంగులో, నిగనిగలాడుతూ, ఎక్స్‌ప్లోరర్ జారిపోతుంటే స్క్లెరోటిక్ డెంటిన్. గాలి ఊదినా మళ్లీ మళ్లీ మెరిసే తడి, గులాబీ ఛాయ కనబడితే లోతు డెంటిన్. ఒకే క్యావిటీలో ఇవి రెండు మూడు కలిసి ఉండటమే మామూలు. అప్పుడు ఏది మార్జిన్ (ఫిల్లింగ్ అంచు) దగ్గర ఉందో చూడండి. పన్నుని సీల్ చేసేది మార్జినే.

పిప్పిని చూపించే కేరీస్ డిటెక్టర్ రంగు, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్‌లో 1 శాతం యాసిడ్ రెడ్, వాడేవాళ్లకి ఒక జాగ్రత్త. 10 సెకన్లు ఉంచి కడిగాక అది పల్ప్ దగ్గర ఉన్న ఆరోగ్యమైన డెంటిన్‌కీ, ఎనామిల్-డెంటిన్ హద్దుకీ కూడా కొంచెం అంటుతుంది. రంగు పూర్తిగా పోయేదాకా తవ్వుతూ పోతే పల్ప్ తెరుచుకుంటుంది. గోడల దగ్గర రంగుని నమ్మండి, అడుగున మాత్రం స్పూన్‌ని నమ్మండి.

మామూలు డెంటిన్ మీద సరైన పద్ధతి

మిగతావన్నీ దీనికి సవరణలే కాబట్టి దీన్ని తప్పులేకుండా చేయడం రావాలి. 1955లో దంత పరిశోధకుడు బువోనోకోర్ 85 శాతం ఫాస్ఫోరిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ని గరుకుచేసి రెజిన్ అతికించాడు. డెంటిన్ దగ్గర ఆ ఉపాయం అంత సులువుగా పారలేదు. 1982లో జపాన్ పరిశోధకుడు నకబయాషి బృందం హైబ్రిడ్ లేయర్‌ని వివరించాక గానీ అసలు పట్టు ఎక్కడ ఉందో స్పష్టం కాలేదు: యాసిడ్ ఖనిజాన్ని తీసేశాక నిలబడి ఉండే కొల్లాజెన్ పీచుల మధ్యకి రెజిన్ దూరి గట్టిపడాలి. ఆ పీచులు నీళ్లలో విచ్చుకుని ఉండి, ఆరబెడితే ఒడ్డున పడేసిన వలలా కుప్పగా ముడుచుకుపోతాయి. ముడుచుకున్నాక రెజిన్ దూరడానికి సందు ఉండదు.

ఎచ్ అండ్ రిన్స్ పద్ధతిలో 35 నుంచి 37 శాతం ఫాస్ఫోరిక్ జెల్ ముందు ఎనామిల్ అంచుల మీద పెట్టండి. 15 సెకన్లయ్యాక డెంటిన్ మీదికి జరిపి మరో 15 సెకన్లు ఉంచండి. డెంటిన్‌కి ఈ 15 దాటొద్దు. యాసిడ్ ఎక్కువ లోతుకి దిగి, బాండ్ అంత లోతుకి దిగకపోతే, మధ్యలో దిక్కులేని కొల్లాజెన్ మిగిలి నెలల్లో కుళ్లుతుంది. ఎంతసేపు ఎచ్ చేశారో అంతసేపూ నీళ్లతో కడగాలి, కనీసం 10 సెకన్లు. తర్వాత గాలి డెంటిన్ మీద నేరుగా ఊదకుండా, దూది ఉండతోనో తడి పిండేసిన మైక్రోబ్రష్‌తోనో అద్దండి. ఉపరితలం మెరుస్తూ ఉండాలి, మూలల్లో నీళ్లు నిలవకూడదు. ఎనామిల్ తెల్లగా కనబడేలా ఆరబెట్టాలన్న ఆరాటంలో డెంటిన్ ఎండిపోతే, మైక్రోబ్రష్‌ని నీళ్లలో ముంచి 10, 15 సెకన్లు మళ్లీ తడపండి. అసిటోన్ బాండ్‌కి ఈ తడి తప్పనిసరి. నీరు, ఆల్కహాల్ కలిసిన బాండ్ కొంచెం ఓర్చుకుంటుంది.

సెల్ఫ్ ఎచ్ పద్ధతిలో డెంటిన్ మీద ఫాస్ఫోరిక్ యాసిడ్ పెట్టరు. బాండ్‌లోని ఆమ్లమే స్మియర్ లేయర్‌ని (కోతలో మిగిలిన పొడి పొర) తిని లోపలికి వెళుతుంది. పీహెచ్ 2 చుట్టూ ఉండే మృదువైన బాండ్లు దట్టమైన స్మియర్ లేయర్‌ని దాటలేవు. అందుకే చివరి కోత ఎప్పుడూ ఎర్ర రింగు (సన్న గరుకు) డైమండ్ బర్‌తో పూర్తిచేయండి. ఆకుపచ్చ రింగు (ముతక) బర్‌తో వదిలేస్తే మందపాటి పొడి మీద బాండ్ వేసినట్టే. ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్ ఉన్న బాండ్లు కాల్షియంతో రసాయనికంగా కూడా పట్టుకుంటాయి. క్లియర్‌ఫిల్ ఎస్ఈ బాండ్ ఇన్నేళ్లుగా పరీక్షల్లో కొలబద్దగా నిలవడానికి అదొక కారణం.

రెండు పద్ధతుల్లోనూ వాడగలిగే యూనివర్సల్ బాండ్ చేతిలో ఉంటే చాలా సందర్భాల్లో సరైన దారి ఇది: ఎనామిల్ అంచులకి మాత్రం జెల్ 15 నుంచి 30 సెకన్లు, కడగడం, తర్వాత మొత్తం మీద బాండ్. మైక్రోబ్రష్‌తో 20 సెకన్లు నిజంగా రుద్దాలి. పూసి వదిలేయడం రుద్దడం కాదు. అప్పుడు మెల్లగా మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ కనీసం 5 సెకన్లు, లోతు క్యావిటీలో 10 సెకన్లు గాలి ఊదండి. ద్రవం మీద అలలు కదలడం ఆగి, సన్నని మెరిసే పొర మిగలాలి. అలలు కదులుతుంటే ద్రావకం ఇంకా లోపలే ఉంది. దాని మీద లైటు వేస్తే బలహీనమైన, నీళ్లు పీల్చే పొర తయారవుతుంది. అనుమానం ఉంటే రెండో కోటు వేసి, మళ్లీ ఊది, అప్పుడు క్యూర్ చేయండి.

పిప్పి తీశాక మిగిలిన డెంటిన్

ఇక్కడే ఎక్కువ మంది అపోహ పడతారు: మెత్తటిదంతా పోయింది కదా, బాండ్ పడుతుందిలే అని. ఎఫెక్టెడ్ డెంటిన్‌లో ట్యూబ్యూల్స్ మధ్య ఉండే డెంటిన్ ఖనిజం పోగొట్టుకుని నీళ్లు నింపుకుని ఉంటుంది. ట్యూబ్యూల్స్‌లో మాత్రం యాసిడ్‌కి లొంగని విట్‌లాకైట్ స్ఫటికాలు అడ్డుపడి ఉంటాయి. అందుకే యాసిడ్ చుట్టూ అతిగా దిగుతుంది, రంధ్రాల్లో దిగదు. హైబ్రిడ్ లేయర్ మందంగా వస్తుంది గానీ లోపల రెజిన్ నిండదు. ల్యాబ్ పరీక్షల్లో మామూలు డెంటిన్‌తో పోలిస్తే పట్టు తరచుగా పావు వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ఇన్‌ఫెక్టెడ్ డెంటిన్ మీద ఇంకా అధ్వానం. బాండ్ మార్చినంత మాత్రాన ఈ తేడా పోదు.

కాబట్టి బాండ్ మీద కాకుండా అంచు మీద పెట్టుబడి పెట్టండి. క్యావిటీ చుట్టూ ఎనామిల్-డెంటిన్ హద్దు వెంట 2 మి.మీ. వెడల్పున, గరగరమనే గట్టి డెంటిన్ వచ్చేదాకా శుభ్రం చేయండి. స్లో స్పీడ్ రౌండ్ బర్ పెద్ద సైజుది, నిమిషానికి తక్కువ తిరుగుడుతో. చిన్న బర్ గుంటలు పెడుతుంది. పల్ప్ పైన మాత్రం తోలులాంటి ఎఫెక్టెడ్ పొర వదిలేయొచ్చు. పల్ప్ బతికి ఉండి, రాత్రిళ్లు తనంతట తానే నొప్పి పుట్టే లక్షణం లేకపోతే అదే క్షేమం. పట్టు చుట్టూరా రావాలి, మధ్యలో తక్కువైనా ఫర్వాలేదు. మార్జిన్ దగ్గర గోధుమరంగు మెత్తదనం వదిలేసి మధ్యలో తెల్లబడేదాకా తవ్వేవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులు చేస్తున్నారు.

బాండ్ విషయానికొస్తే, మృదువైన సెల్ఫ్ ఎచ్ లేదా యూనివర్సల్‌ని సెల్ఫ్ ఎచ్‌గా వాడండి. రుద్దే సమయం రెట్టింపు, అంటే 40 సెకన్లు. రెండు కోట్లు. గాలి ఎక్కువసేపు. ఎఫెక్టెడ్ డెంటిన్ లోపలి నీళ్లు బయటికి రావడానికి సమయం కావాలి. ఎచ్ అండ్ రిన్స్ తప్పనిసరైతే 15 సెకన్లకి ఒక్క సెకను కూడా పెంచకండి. పెంచితే లాభం రంధ్రాల్లో ఉండదు, నష్టం చుట్టూ ఉంటుంది.

క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశని గురించి తరచూ అడుగుతారు. ఎచ్ చేసి కడిగాక 2 శాతం ద్రావణం 30 నుంచి 60 సెకన్లు పెట్టి, కడగకుండా అద్ది, బాండ్ వేస్తే కొల్లాజెన్‌ని తినే ఎంజైములు ల్యాబ్‌లో నెమ్మదిస్తాయి. రోగుల మీద ఆ లాభం అన్నిసార్లూ కనబడలేదు. హాని లేదు, ఖర్చు తక్కువ. అది వాడాం కదా అని తేమ జాగ్రత్త మాత్రం సడలించొద్దు.

నునుపెక్కిన పన్ను మెడ

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బాండింగ్‌కి అసలు పరీక్ష ఇదే. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, గుడాకు (పొగాకు ముద్ద) వేలితో తోమడం, గట్టి బ్రష్‌తో అడ్డంగా రాయడం, నిద్రలో పళ్లు కొరకడం. యాభై దాటిన రైతు నోట్లో ప్రీమోలార్ల మెడలు గొడ్డలితో నరికినట్టు కనబడటం అరుదు కాదు. ఆ గుంటలో ఉన్నది స్క్లెరోటిక్ డెంటిన్. మీద పలచని, అతిగా ఖనిజం పట్టిన పొర. దాని కింద దెబ్బతిన్న కొల్లాజెన్, కొన్నిచోట్ల బ్యాక్టీరియా కూడా. ట్యూబ్యూల్స్‌లో గడ్డకట్టిన ఖనిజ కడ్డీలు. మామూలు ఎచింగ్ ఆ పొరనీ దాటదు, కడ్డీలనీ కరగించదు. పట్టు సుమారు పావు వంతు తగ్గుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. దానికితోడు గుంట ఆకారం వల్ల యాంత్రికంగా ఆనుకోవడానికి ఏమీ ఉండదు, చిగురు పక్కనే తడి, కొరికినప్పుడల్లా మెడ దగ్గర వంపు. ఒక్క బలహీనత కూడా దాచుకునే వీలులేని చోటు.

మొదట నూనె, ఫ్లోరైడ్ లేని ప్యూమిస్‌ని నీళ్లలో కలిపి బ్రష్‌తో శుభ్రం చేయండి. చుట్ట తాగేవారి పళ్ల మీద పొగ మరక డెంటిన్ ఉపరితలంలోకి కూడా దిగి ఉంటుంది, దాన్ని వదిలేసి బాండ్ వేయొద్దు. రెండోది, ఎర్ర రింగు డైమండ్‌ని నీటి ధారతో తేలిగ్గా ఒకసారి నడిపించి నిగనిగని చంపేయండి. లోతు తీయాల్సిన పని లేదు, మెరుపు పోయి మసకబారితే చాలు. ఈ ఒక్క అడుగు మానేస్తే మిగతావన్నీ సరిగ్గా చేసినా ఫలితం సగమే. పై అంచు ఎనామిల్‌ని 1 మి.మీ. బెవెల్ చేయండి, అంటే ఏటవాలుగా కోయండి. చిగురు వైపు గుంట మరీ పలకగా ఉంటే చిన్న రౌండ్ బర్‌తో సన్నని గాడి పెట్టడంలో తప్పేమీ లేదు. పాతపద్ధతి అని నామోషీ పడనక్కర్లేదు.

మూడోది తేమ. 00 లేదా 000 రిట్రాక్షన్ కార్డ్ (చిగురుని పక్కకి నెట్టే దారం) పెట్టండి, లేదా 212 క్లాంప్‌తో రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర). చిగురు నుంచి రక్తం వస్తుంటే ఫెర్రిక్ సల్ఫేట్, అల్యూమినియం క్లోరైడ్ డెంటిన్‌కి తగలకుండా వాడాలి. తగిలితే కడిగి, ఆ చోటుని బర్‌తో మళ్లీ తాజా చేయాలి, లేకపోతే ఆ మడ్డి మీదే బాండ్ కూర్చుంటుంది. చిగుళ్లు వాచి ఉంటే ఆ రోజు ఫిల్లింగ్ పెట్టకుండా స్కేలింగ్ చేసి పది రోజుల తర్వాత పిలవడం తెలివైన పని.

నాలుగోది ఎచింగ్. ఎఫెక్టెడ్ డెంటిన్‌కి వద్దన్న పనే ఇక్కడ చేయాలి: ఎచ్ అండ్ రిన్స్ వాడుతుంటే డెంటిన్ మీద కూడా 30 సెకన్లు. ఆ గట్టి పొరకి 15 సెకన్లు చాలవు. ఎండీపీ ఉన్న యూనివర్సల్ అయితే ఎనామిల్‌కి జెల్, డెంటిన్ మీద 20 సెకన్ల చొప్పున రెండుసార్లు గట్టిగా రుద్దడం. ఇక్కడ కాల్షియం దండిగా ఉంది కాబట్టి రసాయన పట్టు మనకు కలిసొస్తుంది. తర్వాత పలచగా పారే ఫ్లోయబుల్ కాంపోజిట్ అర మిల్లీమీటరు పొర, క్యూర్, దాని మీద మామూలు కాంపోజిట్. ముందు చిగురు వైపు, తర్వాత ఎనామిల్ వైపు, ఏటవాలుగా. ఒకేసారి నింపితే సంకోచానికి బలహీనమైన చిగురు అంచు లేస్తుంది.

తడి ఆపలేని చోట, వేరు మీద పిప్పి ఉన్న ముసలివాళ్లకి కాంపోజిట్ పట్టుదల మానేసి జీఐసీ (గ్లాస్ అయానమర్ సిమెంటు) పెట్టండి. 10 శాతం పాలీయాక్రిలిక్ యాసిడ్ 20 సెకన్లు, కడగడం, మెరుపు మిగిలేలా అద్దడం, జీఐసీ, మీద వార్నిష్. అందం తగ్గినా నిలుస్తుంది. ఉద్దానం వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో నోరు ఎండిపోయి వేరు పిప్పి ఎక్కువగా చూస్తారు. వాళ్లకి ఇదే మంచిది. డయాలసిస్ చేయించుకునేవారిని డయాలసిస్ మర్నాడు పిలవండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రాయకుండా పారాసిటమాల్‌తో సరిపెట్టండి.

ఇంకో మాట, బాండింగ్‌కి సంబంధం లేకపోయినా. అడ్డపొగ తాగే, అంటే నిప్పు ఉన్న కొనని నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఆడవాళ్లు ఈ తీరంలో ఇంకా ఉన్నారు. పన్ను మెడ కోసం వచ్చినా, కుర్చీ వెనక్కి వాల్చినప్పుడు అంగిలి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు కనబడితే ఫిల్లింగ్ ఆగొచ్చు, బయాప్సీ ఆగకూడదు.

మెడ ఫిల్లింగ్ అయ్యాక బొగ్గు, గుడాకు మాన్పించకపోతే పక్కనున్న డెంటిన్ అరుగుతూనే ఉంటుంది. "మెత్తటి బ్రష్, పేస్టు, మెల్లగా పైకీ కిందికీ తోముకోమ్మా" అని చెప్పి, ఓసారి చేసి చూపించండి. కాటులో ఆ పన్ను ముందే తగులుతోందేమో కాగితం పెట్టి చూసి, ఎత్తు తీసేయండి.

లోతు డెంటిన్

పల్ప్ దగ్గర గట్టి డెంటిన్ తక్కువ, నీళ్లు ఎక్కువ, పైగా లోపలి నుంచి ఒత్తిడితో ద్రవం బయటికి ఊరుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో పీకిన పళ్లకి ఈ ఊట ఉండదు, అందుకే అక్కడి అంకెలు ఇక్కడ అంతగా పనిచేయవు. అడ్రినలిన్ ఉన్న లోకల్ (మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తే ఊట కొంత తగ్గుతుంది. అడుగున ఫాస్ఫోరిక్ జెల్ పెట్టకండి, అంచులకే పరిమితం చేయండి. మిగిలిన మందం అర మిల్లీమీటరు కంటే తక్కువ అనిపిస్తే ఆ చుక్కంత చోటికి ఎంటీఏ (పల్ప్‌ని కాపాడే సిమెంటు) లేదా కాల్షియం హైడ్రాక్సైడ్, మీద పలచగా రెజిన్ జీఐసీ. క్యావిటీ అడుగంతా కాల్షియం హైడ్రాక్సైడ్ పరిచేస్తే బాండ్‌కి డెంటిన్ మిగలదు. ఫిల్లింగ్ పెట్టిన మర్నాటి నుంచి కొరికితే జివ్వుమంటోంది అంటే, చాలాసార్లు అడుగున ఎండబెట్టిన డెంటిన్‌కి రెజిన్ పట్టక మిగిలిన ఖాళీలో ద్రవం కదులుతోందని అర్థం.

మిగతావి క్లుప్తంగా

ఆర్‌సీటీ అయిన పన్ను గోడల మీద హైపోక్లోరైట్ వదిలిన ఆక్సిజన్ రెజిన్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది. చివర్లో 17 శాతం ఈడీటీఏ ఒక నిమిషం, నీళ్లతో బాగా కడగడం, తర్వాత 10 శాతం సోడియం ఆస్కార్బేట్ 10 నిమిషాలు. అది అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉంచితే పనిచేయదు. లేదా గోడ డెంటిన్‌ని బర్‌తో పలచగా తాజా చేయండి. యూజినాల్ సీలర్ మడ్డి కూడా అంతే, ఆల్కహాల్ దూదితో తుడిచి తాజా చేయాలి. బ్లీచింగ్ చేసిన పన్నుకి రెండు వారాలు ఆగండి. పాలపళ్ల డెంటిన్ పలచన, ఖనిజం తక్కువ. ఎచింగ్ 7 నుంచి 10 సెకన్లు చాలు. బాండ్ క్యూర్ అయ్యాక ఉమ్మి తగిలితే కడిగి, ఆరబెట్టి, కొత్త కోటు వేయండి. ఎచింగ్ అయ్యాక తగిలితే కడిగి 5 సెకన్లు మళ్లీ ఎచ్ చేయండి. రక్తం తగిలితే మాత్రం బర్ దగ్గర్నుంచీ మళ్లీ మొదలు.

ఊడిన ముక్కని పారేయకండి

రోగి జేబులో వేసుకొచ్చిన ముక్కని లూప్ (భూతద్దం) కింద తిప్పి చూడండి. అడుగు నునుపుగా, మెరుస్తూ ఉంటే బాండ్ డెంటిన్‌ని పట్టనే లేదు: ఉమ్మి తగిలింది, లేదా ఎండిపోయింది, లేదా స్క్లెరోటిక్ మెరుపు తీయలేదు. వారం పది రోజుల్లో ఊడేవి చాలావరకు ఇవే. ముక్కకి గోధుమరంగు పొర అంటుకుని వస్తే పట్టు బాగానే ఉంది, కింద మెత్తటి డెంటిన్ వదిలేశారు. కాంపోజిట్‌లో సగం పన్ను మీదే ఉండి మధ్యలో తెగితే క్యూరింగో, పొర మందమో చూసుకోవాలి. ఏడాది రెండేళ్లకి చిగురు అంచున గోధుమ గీత పడి ఊడితే నీళ్లు హైబ్రిడ్ లేయర్‌ని తిన్నాయి. ఎక్కువ ఎచింగ్, ద్రావకం పూర్తిగా ఆరకపోవడం అక్కడ అనుమానించాలి.

పీకిన పన్ను మీద మీరే పరీక్షించుకోండి

కొత్త బాండ్ కొన్నప్పుడు రోగి మీద కాకుండా పీకిన మోలార్ మీద చేయి అలవాటు చేసుకోవడం మంచిది. రోగి అనుమతితో తీసుకున్న పన్నుని శుభ్రం చేసి, 0.5 శాతం క్లోరమీన్-టీ ద్రావణంలో వారం వరకు, తర్వాత ఫ్రిజ్‌లో నీళ్లలో ఉంచండి. ఆరు నెలలు దాటినవి వద్దు. ఫార్మలిన్‌లో, స్పిరిట్‌లో పెట్టినవి అసలు పనికిరావు, కొల్లాజెన్ మారిపోతుంది. ఒకవైపు పిప్పి ఉన్న పన్ను ఎంచుకోండి, ఒకే ముక్కలో మామూలు డెంటిన్, ఎఫెక్టెడ్ డెంటిన్ రెండూ దొరుకుతాయి.

నీటి ధారతో డైమండ్ డిస్క్ పెట్టి పైభాగం చదునుగా కోసి, హార్డ్‌వేర్ షాపులో దొరికే 600 నంబర్ వాటర్ పేపర్ మీద నీళ్లు పోస్తూ నిమిషంసేపు రాయండి. రెండు చోట్లా ఒకే పద్ధతిలో బాండ్ వేసి, 2 మి.మీ. ఎత్తున కోసిన పారదర్శక గొట్టం ముక్కలు నిలబెట్టి, కాంపోజిట్ నింపి 20 సెకన్లు క్యూర్ చేయండి. గొట్టం చీల్చి తీసేసి, 24 గంటలు నీళ్లలో 37 డిగ్రీల దగ్గర ఉంచండి. మన మే నెలలో గది మూల చాలు. మర్నాడు మొద్దు చిజెల్‌ని డెంటిన్‌కి ఆనించి, గుండీలా నిలబడిన ప్రతి కాంపోజిట్ ముక్కనీ పక్క నుంచి తోయండి. అంకె రాదు, కానీ ఏది ముందు ఊడిందో, అడుగు ఎలా ఉందో తెలుస్తుంది. ఇంకో పన్ను మీద ఒక గుండీ ఎండిన డెంటిన్‌కి, ఒకటి సరిగ్గా తడిగా ఉన్నదానికి, ఒకటి నీళ్లు నిలిచినదానికి వేసి చూడండి. బాటిల్ కంపెనీ మారిస్తే వచ్చే తేడా కంటే ఈ మూడింటి మధ్య తేడా పెద్దదిగా కనిపించొచ్చు.

అంచు సీలింగ్ చూడాలంటే వేరే పన్నుకి మెడ ఫిల్లింగ్ చేసి, వేరు కొన మూసి, అంచు చుట్టూ 1 మి.మీ. వదిలి మిగతా పన్నంతా గోళ్ల రంగు రెండు కోట్లు వేయండి. 2 శాతం మిథిలీన్ బ్లూలో 24 గంటలు ఉంచి, కడిగి, ఫిల్లింగ్ మధ్యగా నిలువునా కోయండి. నీలం ఎనామిల్ అంచు దగ్గరే ఆగి, చిగురు అంచు వెంట లోపలికి పాకితే డెంటిన్ మీద మీ బాండింగ్ పద్ధతి సరిచేసుకోవాలి. రెండు వైపులా పాకితే ముందు లైటు, గాలి చూడండి.